అయ్యగారి జీతం

కిందటి ఆదివారం ఆరాధన ముగించే ముందు లాజరు ఉపదేశి ఒక మాట అన్నాడు. సంఘపెద్ద ఇస్రాయేలు నెలరోజులుగా ప్రార్థనకు రావడం లేదు. మళ్లీ ఆదివారానికి కూడా రాకపోతే అతని పెద్దరికం తీసేస్తానని. నేరేడువాగు మాదిగవాడలో ఆ మాటకు అందరూ తలలు వంచుకున్నారు. ఆ తలలు వంచిన తీరు చూసి లాజరు భార్య దీనమ్మకు మనసులో కలుక్కుమంది. తన మొగుడికి తప్ప వాడకంతటికీ తెలిసిన సంగతేదో ఉందనిపించింది. ఆ అనుమానంతోనే ఆమె ఇంటికి నడిచింది.

ఆ అనుమానం మూడు రోజులు ఆమె వెంటే తిరిగింది. బుధవారం పొద్దున సంఘం పోసిన జొన్నలు చేటలో వేసుకుని చెరగడానికి కూర్చుంది. శ్రావణం వచ్చింది కానీ వాన రాలేదు. చిట్యాల నుంచి వచ్చే బండ్లు రేపే దుమ్ము వాడ మీదికి వచ్చి వాలుతోంది. దీనమ్మ చేట ఎగరేసింది. పొట్టుతో పాటు ఒక వాసన లేచింది. పుల్లటి, ముక్కిన వాసన. తడిసి ఆరిన గడ్డిలాంటి వాసన.

ఆమె చేట కింద పెట్టింది. గుప్పెడు జొన్నలు ముక్కు దగ్గర పెట్టుకుని మళ్లీ చూసింది.

ఆ వాసన ఆమెకు తెలుసు. దీనమ్మ తండ్రి దొర ఉండే గడిలో వెట్టి చేసిన మనిషి. వానాకాలం రాగానే దొర పాతర తీయించేవాడు. భూమిలో నిలువెత్తు లోతుకు తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, రెండు మూడేళ్ల జొన్నలు దాచిపెట్టే గొయ్యి అది. తండ్రి అందులోకి దిగి గంపలకెత్తి, పొద్దుగూకాక ఇంటికి వచ్చేవాడు. స్నానం చేసినా ఆ వాసన పోయేది కాదు. పిల్లలు ఆయన పక్కన పడుకోవడానికి మొహం తిప్పుకునేవాళ్లు.

నేరేడువాగులో పాతరలు ఒక్క గడిలోనే ఉన్నాయి. వాడలో పాతర కాదు కదా, నిండు కుండ ఉన్న ఇల్లు కూడా లేదు. మరి గడి జొన్నలు ఉపదేశి ఇంటి చేటలోకి ఎలా వచ్చాయి?

దీనమ్మ జొన్నలను అలాగే వదిలేసి, కొంగు తల మీదికి లాక్కుని, ఇస్రాయేలు ఇంటికి బయలుదేరింది.

ఇస్రాయేలు భార్య జంగమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. బాప్తిస్మం నాడు ఆమెకు వేరే పేరు పెట్టారు గానీ ఆ పేరుతో పిలిస్తే ఆమే పలకదు. కుండలో తుమ్మికూర ఉడుకుతోంది. ఒట్టి కూర. అందులో ఒక్క గింజ కూడా లేదు.

"రాండ్రి అమ్మగారు," అంటూ జంగమ్మ గబగబా కుండ మీద మూకుడు పెట్టింది. "గీ ఎండల గింత దూరం వచ్చిండ్రు. కబురు పంపితే నేనే రాకపోదునా."

"జంగమ్మక్కా, అన్న ఏడున్నడు?"

"పనికి పోయిండు."

"ఏం పని?"

"పనికేం తక్కువ. మోట బొక్కెన కుట్టేదుందని పిలిచిండ్రు."

"నెల రోజుల నుంచి ఒక్క బొక్కెననే కుడుతున్నడా?"

జంగమ్మ పొయ్యిలోని పుల్లలు ఎగదోసింది. మంట అవసరం లేకపోయినా ఎగదోసింది.

దీనమ్మ ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. "అక్కా, మీరు పోసిన జొన్నలు పాతర వాసనొస్తున్నై. నా తండ్రి గా పాతరల్ల దిగినోడే. నాకు మబ్బు వెట్టకు."

కూర పొంగి మూకుడు అంచుల్లోంచి పొయ్యిలోకి కారింది. అప్పుడు జంగమ్మ లేచి కుండ దించి, కొంగుతో చేతులు తుడుచుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"అయ్యగారితోటి అనకుండ్రి. మా ఆయన వద్దన్నడు. అయ్యగారికి నామోషీ అయితదని."

"చెప్పక్కా."

"ఏం చెప్పాలె. పాదిరిదొర వచ్చి మిషను సగం జీతమే ఇస్తది, మిగిలింది మీరు పోసుకోవాలె అన్నడు గద. ఇంటికి నెలకు అడ్డెడు జొన్నలని అయ్యగారు చెప్పిండు. మొదటేడు ఎట్లనో పోసినం. రెండో ఏడు పంట రాకపాయె. యాడికెల్లి తేవాలె? గడికి పోయినం. నాగుకు తెచ్చినం."

నాగు అంటే దీనమ్మకు కొత్త కాదు. వానాకాలంలో కుంచెడు తెస్తే పంట మీద కుంచెడున్నర కొలవాలి. కొలవలేకపోతే ఆ కుంచెడున్నరే మళ్లీ అసలవుతుంది. ఎంత కొలిచినా అది తరగదు. తాత తెచ్చిన కుంచెడుకు మనవడు కొలుస్తుంటాడు.

"అందరూ తెచ్చిండ్రా?"

"అందరు. బిక్షమ్మ ముండమోసిన మనిషి, ఆమె గూడ తెచ్చింది. తిననీకె కొంత, అయ్యగారికి పోయనీకె కొంత. ఈ ఏడు దొర, జమానతు లేంది, ఒకడు పూచీ పడంది గింజ ఇయ్యనన్నడు. ఎవలు నిలబడుతరు? మా ఆయన నిలబడ్డడు. వాడకంత ఆయనే జమానతు. పోయిన నెల దొర పిలిపించి, తెస్తవా, కూసుంటవా అన్నడు. యాడికెల్లి తెస్తడు. కూసున్నడు."

దీనమ్మకు అర్థమైంది. అయినా అడిగింది. "కూసున్నడంటే?"

"జీతమున్నడు అమ్మగారు."

ఆ మాట చెప్పి జంగమ్మ గోడవైపు తిరిగింది. ఇస్రాయేలు తండ్రి జీవితమంతా గడిలో బాకీకి కట్టుబడ్డ జీతగాడు. ఇస్రాయేలు తోలుపని నేర్చి, రాత్రనక పగలనక కుట్టి, తండ్రి బాకీ తీర్చి బయటపడ్డాడు. అప్పట్లో వాడలో గడికి బాకీ లేని ఇల్లు అదొక్కటే. అందుకే అతన్ని పెద్దగా ఎన్నుకున్నారు. యాభై దాటిన ఆ మనిషి ఇప్పుడు గడి బావి దగ్గర మోట తోలుతున్నాడు.

"అయ్యగారికి జీతమియ్యబట్టి నా మొగడు జీతముండె," అంది జంగమ్మ. ఆ మాటలో నిష్ఠూరం లేదు. వాన పడలేదని చెప్పినట్టుగా చెప్పింది. "ఆదివారం ఒక్కనాడు ఇడువుమని కాళ్లు మొక్కిండట. జీతగానికి ఆదివారమేంది అన్నడట దొర."

"ఇంత దాకా ఎందుకు తెచ్చుకున్నరక్కా? మా వల్ల కాదని ఒక్క మాటంటే అయిపోతుండె గద."

"అంటే అయ్యగారిని ఇంకో ఊరికి పంపుతరట గద. జీతం పోసే సంఘమున్న ఊరికి." జంగమ్మ ఇటు తిరిగింది. "మా అత్త సచ్చిననాడు ఆమెను మంచం పట్టెకు కట్టుకపోయి పూడ్చి వచ్చినం. ఒక్క మాట చెప్పినోడు లేడు. కుక్క సచ్చినట్టే. ఇప్పుడు మాల మాదిగోల్ల పీనుగు ముందట గూడ ఒక మనిషి నిలబడి పేరు పెట్టి పిలిచి నాలుగు మాటలు చెప్తుండు. పిలగాండ్లు బలపం పడుతున్నరు. గాయన పోతే మల్లెవలొస్తరు? మా ఆయన గదే అన్నడు. నేనొక్కణ్ణి గడిల ఉంటే వాడంత మనుషులై ఉంటది అన్నడు."

దీనమ్మ లేచేటప్పుడు జంగమ్మ కుండ మీది మూకుడు తీసి, ఆకుదొన్నెలో కాస్త కూర పెట్టి ఇచ్చింది. ఉపదేశి భార్య ఇంటికొస్తే ఉత్త చేతులతో పంపకూడదని. దీనమ్మ వద్దనలేదు. వద్దంటే ఆ మనిషికి మిగిలిన ఆ ఒక్క గౌరవం కూడా తీసేసినట్టవుతుందని తీసుకుంది.

లాజరు మధ్యాహ్నానికి ఇంటికొచ్చాడు. పిల్లలకు బడి చెప్పి, జ్వరంతో ఉన్నవాళ్లను చూసి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. తెల్లటి లాల్చీకి మోచేతుల దగ్గర మాసికలు. అతనూ జీతగాడి కొడుకే. నల్లగొండ మిషను బోర్డింగులో ఎనిమిదేళ్లు చదివి, ఉపదేశి తరగతి పాసై వచ్చాడు. మిషనులో ఎంత చదివితే అంత జీతం. పెళ్లయితే కొంచెం ఎక్కువ, బిడ్డ పుడితే ఇంకొంచెం. లాజరుకు పన్నెండు రూపాయలు వచ్చేవి. అమెరికాలో జనం చేతిలో డబ్బాడటం లేదు, అక్కడి గుళ్లలో చందాలు పడిపోయాయి అని చెప్పి పాదిరిదొర వాటిని ఆరు చేశాడు. ఆ ఆరు మీదే నల్లగొండలో కూతురి చదువు. ఉపదేశి కూతురు కాబట్టే బోర్డింగులో ఆ పిల్లకు చోటు.

దీనమ్మ నీళ్లిచ్చి, అతను కాళ్లు కడుక్కుని కూర్చునేదాకా ఆగి, అన్నీ చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ పెంచలేదు.

లాజరు ముందు కంచంలో జొన్నరొట్టె ఉంది. దాన్ని కొంచెం దూరం జరిపాడు.

"నేను వాణ్ణి పెద్దరికం నుంచి తీసేస్తనన్న," అన్నాడు చివరికి. "అందరి ముందు."

"మీకు ఎరుకలేదు గద."

"ఎరుకలేకపోవుడు గొప్పనా? ఇంటింటికి అడ్డెడని చెప్పినోణ్ణి. యాడికెల్లి తెస్తున్నరని ఒక్కనాడన్న అడిగిననా?"

దీనమ్మ కూడా అడగలేదు. వాళ్లు కొలిచి పోసిందంతా కొలిచి వండింది.

"ఇంకో సంగతుంది," అన్నాడు లాజరు. "నీకు చెప్పలే. మొన్న పాదిరిదొర గుడారం వేసుకున్నప్పుడు సంఘం ఎంత పోస్తుందని అడిగిండు. చెప్పిన. ఇన్ని ఊర్లల్ల మా ఊరే ముందున్నదని సంబరపడి చెప్పిన. నా భుజం తట్టి శభాష్ అన్నడు. అన్నంక, మీ సంఘం తన కాళ్ల మీద నిలబడింది, వచ్చే నెల నుంచి మిషను మూడు రూపాయలే ఇస్తది, ఇంకో రెండేండ్లకు అది గూడ అక్కరలేదు అన్నడు."

దీనమ్మ అతని మొహంలోకి చూసింది.

"అంటే వీళ్లు ఎంత పోస్తే..."

"అంత అక్కడ తగ్గుతది. వీళ్లు కడుపు కట్టుకొని పోసిన జొన్నల తోటి మన ఇంట్ల ఒక్క గింజ పెరగలే దీనా. అమెరికాల ఎవరికో పైసలు మిగిలినై. గంతే."

బయట పిల్లలు ఎక్కాలు చదువుకుంటూ పోతున్నారు. లాజరు నేర్పిన ఎక్కాలే. పాదిరిదొర చెడ్డమనిషి కాడు. ఎండలో ఊరూరా తిరిగి జ్వరాలు తెచ్చుకున్న మనిషి. ఆయనతో పోట్లాడటానికి కూడా లేదు. ఆయన చేతికి పైనుంచి వచ్చిందే ఆయన పంచుతాడు. దీనమ్మకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. కోపమైనా వస్తే బాగుండుననిపించింది.

మర్నాడు లాజరు తెల్లారకముందే గడికి పోయాడు. పొద్దు వాలాక తిరిగొచ్చాడు. దీనమ్మ వాకిట్లోనే ఎదురైంది.

"దొర మాట్లాడిండా?"

"మాట్లాడిండు. పగలంత నిలబెట్టి మాట్లాడిండు." లాజరు గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "మంచిగనే మాట్లాడిండు. పంతులూ అన్నడు. ఇస్రాయేలుతోటి నాకేం పని, ముసలోడు, రెండు మోటలు కొడితే ఆయాసం, వాణ్ణి ఇడిచిపెడుత అన్నడు. వాడ బాకీ మొత్తం గూడ కొట్టేస్త అన్నడు."

దొర ఊరికే ఏదీ ఇవ్వడు. "ఏం జేయమన్నడు?"

"మీ దేవుడొచ్చినకాంచి ఆదివారమొస్తే వాడల ఒక్కడు పనికి దొరకడు. నా పొలాలు ఎండుతున్నై. గడి పని జేస్తే పాపం గాదు, ఆదివారమైనా పోవాలెనని గుడిల నీ నోటితోటి ఒక్కమాట చెప్పు అన్నడు. నేను కొరడ పట్టి చెప్తే ఇనరు, నువ్వు చెప్తే ఇంటరు అన్నడు." లాజరు ఆగాడు. "చెప్తే నాకు నెలకు తూమెడు జొన్నలు గడి నుంచే పంపుతడట. మిషను తోటి, సంఘం తోటి పని లేదట."

"మీరేమన్నరు?"

"ఏమనలే."

"ఏమనలే అంటే?"

"తిరిగొచ్చిన."

దీనమ్మ అతని ఎదురుగా కూర్చుంది. ఆ ఆదివారం ఎలా వచ్చిందో ఆమెకు తెలుసు. నాలుగేళ్ల కిందట వాడ మగవాళ్లంతా మొదటిసారి గడి పనికి పోకుండా ప్రార్థనకు వచ్చారు. గడి మనుషులు వచ్చి కొట్టారు. మళ్లీ ఆదివారం కట్లు కట్టుకునే వచ్చారు. కొట్టి కొట్టి గడివాళ్లే విసిగి ఊరుకున్నారు. వాడలో పుట్టినవాళ్లకు పుట్టుక నుంచి చావుదాకా తమదంటూ ఉన్నది ఆ ఒక్క రోజే.

"గా రోజు వాళ్లు దెబ్బలు తిని సంపాయించుకున్నరు," అంది. "అది గూడ మనమే అమ్ముదమా?"

"అమ్మొద్దు. మరి ఇస్రాయేలును గట్లనే ఉండనిద్దమా? మోట కాడనే పడి సస్తడు వాడు. నా తిండి కోసం సస్తడు."

"మనం ఊరిడిచి పోదం. జీతం అడిగేటోడు లేకుంటే వాళ్లు మల్ల నాగుకు పోరు."

"పోతే? తెచ్చిన బాకీ తీరుతదా? జీతం పోయని సంఘమని రాసుకొని ఈ ఊరికి ఇంకొకణ్ణి పంపరు. వాళ్ల పీనుగులు మల్ల మంచం పట్టెకే. మన బిడ్డ బోర్డింగు నుంచి ఇంటికే."

ఎటు తిరిగినా బావే. ఏ బావిలో తక్కువ మంది పడతారన్న లెక్క ఒక్కటే మిగిలింది. ఆ లెక్క తేల్చడం దీనమ్మ వల్ల కాలేదు. అతని వల్ల అవుతుందేమోనని మాత్రం ఆమెకు భయమేసింది.

శనివారం పొద్దున లాజరు పక్క ఊళ్లో ఎవరికో బాగాలేదని చెప్పి వెళ్లాడు. సాయంత్రం వచ్చాడు. ఒంటి మీద దుమ్ము. కాళ్లు కడుక్కున్నాడు, తిండి వద్దన్నాడు, మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. పక్క ఊరికే పోయారా అని దీనమ్మ అడగలేదు. అడిగితే నిజం చెబుతాడేమోనని అడగలేదు.

ఆదివారం ఆమే వెళ్లి ప్రార్థన గుడిసె ముందు వేలాడదీసిన ఇనపముక్క మోగించింది. జనం వచ్చారు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చున్నారు. బిక్షమ్మ కొంగులో కట్టుకొచ్చిన పిడికెడు జొన్నలు విప్పి గంపలో పోసింది. దీనమ్మ వద్దని చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది.

అప్పుడు గుమ్మం దగ్గర అలికిడయింది. అందరూ అటు తిరిగారు.

ఇస్రాయేలు వచ్చాడు. తల స్నానం చేసి ఉతికిన పంచె కట్టుకున్నాడు. నెలలోనే మనిషి సగమయ్యాడు. నడుము వంగింది, అరచేతులకు గుడ్డపీలికలు చుట్టుకున్నాడు. వెనకాలే జంగమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ వస్తోంది. మగవాళ్లంతా ఒక్కసారే లేచి అతన్ని పట్టుకున్నారు. ఎల్లయ్య అనే ముసలివాడు అతని మొహం తడిమి తడిమి చూశాడు. "ఇడిచిండా? నిజంగ ఇడిచిండా?" అని ఒకటే అడుగుతున్నాడు. నెలరోజులుగా వంగి ఉన్న తలలన్నీ ఆ పూట లేచాయి.

ఆడవాళ్లూ లేచి నిలబడ్డారు; దీనమ్మ ఒక్కతే లేవలేదు. ఆమె చూపు ఇస్రాయేలును దాటి గుమ్మం బయటికి పోయింది. అక్కడ గడి కాపలా మనిషి మస్కూరి, గుతుపకర్ర నేలకు ఆనించి, లోపలికి చెవి పెట్టి నిలబడి ఉన్నాడు. అతను ప్రార్థన వినడానికి ఎన్నడూ రాలేదు; ఇవాళ వచ్చింది ఆదివారం గురించి పంతులు నోట దొర అడిగిన ఆ ఒక్క మాట వినిపోవడానికే.

పాట అయింది. లాజరు ప్రసంగానికి లేచాడు. లాల్చీ గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. గ్రంథం తెరవలేదు. నోరు తెరవబోతుంటే ఇస్రాయేలు చేతులు జోడించి లేచాడు.

"అయ్యగారు, ఒక్క మాట. రాత్రి పిలిచి, ఇంటికి పోరా, నీ బాకీ లేదు, వాడ బాకీ లేదు అన్నడు దొర. ఎట్లని అడిగితే, మీ పంతులునే అడుగుమన్నడు. వాడంత ఇంటుంది, జర చెప్పుండ్రి. ఏం జేసి ఇడిపిచ్చిండ్రు మమ్ముల?"

అందరి మొహాలూ ఉపదేశివైపు తిరిగి ఉన్నాయి. వాటిలో కృతజ్ఞత తప్ప మరేమీ లేదు. లాజరు ఆ మొహాలవైపు చూడలేదు. ఆడవాళ్ల వరసలో దీనమ్మ కళ్ల కోసం వెతికి, అవి దొరికాక తనే కళ్లు దించుకున్నాడు.

"ఇస్రాయేలన్నా, కూసో," అన్నాడు. "అది నిలబడి ఇనే మాట గాదు."

ఇస్రాయేలు కూర్చున్నాడు. దీనమ్మ లేచి నిలబడింది.